నాలుగు ఆస్కార్లు... అయినా ‘సినిమావాడే’!

2023 మార్చిలో మన కీరవాణిగారు, చంద్రబోసుగారు ఆస్కార్ బొమ్మలు చేతబట్టుకుని వేదికమీద నిలబడిన రోజు గుర్తుందా? పొద్దున్నే టీవీల ముందు కూచుని కేకలు పెట్టాం. ఇంట్లోవాళ్ళని నిద్ర లేపాం. ఒక్క పాటకి వచ్చిన బహుమతికే మనకంత సంబరం!

మరి ఒక మనిషి 36 ఏళ్ళు నిండకముందే అలాంటి బొమ్మలు నాలుగు ఇంటికి పట్టుకుపోయాడంటే? పోనీ, పట్టుకుపోయి హాయిగా మేడలో కూచోకుండా, ‘ఇక చాలు’ అని హాలీవుడ్ చిత్రసీమకే ఒక దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడంటే? ‘వీడికేమైనా మతిపోయిందా!’ అంటారు కదూ?

ఆయన పేరు ఆండ్రే ప్రెవిన్. పియానో వాయించేవాడు, బాణీలు కట్టేవాడు, ఆర్కెస్ట్రా కండక్టర్. కండక్టర్ అనగానే టిక్కెట్లు కొట్టే కండక్టర్ అనుకునేరు! మన పాటల రికార్డింగుల్లో వయొలిన్లవాళ్ళ ముందు నిలబడి చెయ్యి ఊపుతూ ‘ఇక్కడ మీరు... ఇప్పుడు మీరు...’ అని సైగలు చేసే అసిస్టెంటుగారు ఉంటారు చూడండి, అదే పని. కాకపోతే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో కండక్టర్‌ది మహారాజు హోదా. ఎదురుగా 80, 90 మంది వాద్యకారులు. చేతిలో చిన్న పుల్ల. ఆ పుల్ల కదిలితేనే సంగీతం కదులుతుంది.

ఆ మహారాజుల పంక్తిలో కూచోవాలని ఈ సినిమా మనిషికి ఆశ పుట్టింది. ఆ పంక్తిలో అప్పటికే ఉన్నవాళ్ళేమో ‘సినిమావాడికి ఇక్కడేం పని?’ అన్నట్టు చూశారు. ఈ వారం మనం చెప్పుకోబోయేది ఆ కథే.

బెర్లిన్ నుంచి బయటికి

ప్రెవిన్ పుట్టింది 1929లో, జర్మనీ రాజధాని బెర్లిన్లో. నాన్న లాయరు. ఆయన కూడా ఇంట్లో పియానో బాగా వాయించేవాడు. పిల్లవాడి వేళ్ళలో ఏదో ఉందని గ్రహించి ఆరేళ్ళకే బెర్లిన్ సంగీత కళాశాలలో చేర్పించాడు. అంతా సవ్యంగా సాగితే కుర్రాడు ఏ బెర్లిన్లోనో పెద్ద విద్వాంసుడయ్యేవాడు.

కానీ అది హిట్లర్ రాజ్యం. వీళ్ళు యూదులు. 1938లో ఆ పిల్లవాణ్ణి కళాశాలనుంచి గెంటేశారు. తప్పు స్వరం వాయించినందుకు కాదు... యూదుల ఇంట పుట్టినందుకు! ఆస్తిపాస్తులు వదిలేసి కుటుంబం పారిస్ చేరింది. అక్కణ్ణుంచి మరుసటి ఏడు అమెరికాలోని లాస్ ఏంజెలిస్. బెర్లిన్లో పేరున్న లాయరుగారు ఇక్కడ భాష రాక, చదివిన చదువు చెల్లక, పిల్లలకి పియానో పాఠాలు చెప్పుకుంటూ సంసారం ఈదాల్సి వచ్చింది.

లాస్ ఏంజెలిస్ అంటే హాలీవుడ్ ఉన్న ఊరే కదా! పైగా చార్లెస్ ప్రెవిన్ అని ఒక బంధువు యూనివర్సల్ స్టూడియోలో సంగీత విభాగానికి పెద్ద. అలా కుర్రాడి ముందు సినిమా తలుపు నిలబడింది.

శిలువ సీనుకి హుషారు పాట!

ఆ తలుపు తెరుచుకోకముందు జరిగిన ఒక తమాషా ఉంది. దీన్ని ప్రెవిన్ స్వయంగా చెప్పుకునేవాడు. పాత మూకీ చిత్రాలు ఆడే ఒక హాల్లో తెర పక్కన కూచుని పియానో వాయించే ఉద్యోగం కుర్రాడికి దొరికింది. ఒకరోజు గ్రిఫిత్ తీసిన ‘ఇంటోలరెన్స్’ ఆడుతోంది. అందులో వేరువేరు కాలాలకు చెందిన నాలుగు కథలు కలగాపులగంగా వచ్చిపోతుంటాయి. మనవాడు ఆధునిక కథ నడుస్తోందన్న ధీమాతో తెరవంక చూడకుండా హుషారైన జాజ్ గత్తు దంచేస్తున్నాడు. తెరమీద చూస్తే ఏసుక్రీస్తును శిలువ వేస్తున్నారు! మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. ఉద్యోగం ఊడింది.

పోతే పోయింది గానీ కుర్రాడికి ఒక పాఠం మిగిలింది. సంగీతం ఎంత గొప్పగా ఉన్నా, తెరమీద జరుగుతున్నదానికి అతకకపోతే అభాసే! ఈ పాఠం ఇవాళ మన సంగీత దర్శకుల్లో కొందరికి కూడా పనికొస్తుందేమో... మనకెందుకు లెండి.

‘విషాద స్వరాలు నిషేధం’

1946లో, ఇంకా హైస్కూలు చదువు ముగియకముందే, ప్రెవిన్ ఎం.జి.ఎం. స్టూడియోలో అడుగుపెట్టాడు. మన విజయా వాహినిని పదింతలు చేసి ఊహించుకోండి... అదీ అప్పటి ఎం.జి.ఎం. సింహం గర్జించే కంపెనీ. స్టూడియోకి సొంత ఆర్కెస్ట్రా, సొంత లైబ్రరీ, నెలజీతాలకి సంగీతం రాసేవాళ్ళ దండు.

ఆ సంగీత విభాగం గోడకి ఒక పాత ఉత్తర్వు వేలాడుతూ ఉండేదట. ఎప్పుడో నిర్మాత థాల్‌బర్గ్ ఒక సినిమా చూస్తూ, ఒకచోట సంగీతం నచ్చక, ‘అదేమిటి?’ అని అడిగాడు. ‘అది మైనర్ కార్డ్ అండీ’ అన్నారెవరో. (మైనర్ కార్డ్ అంటే కాస్త దిగులు ధ్వనించే స్వరాల కలయిక.) మర్నాడే ఉత్తర్వు దిగింది: ఇకమీదట ఈ కంపెనీ చిత్రాల్లో మైనర్ కార్డ్ వాడరాదని! నిర్మాతకి సంగీతం రాకపోతే ఏమవుతుందో చూశారా? ప్రెవిన్ ఈ ముచ్చటని మరిచిపోలేదు. 1991లో తన హాలీవుడ్ జ్ఞాపకాలు పుస్తకంగా వేసినప్పుడు ఆ ఉత్తర్వు మాటలనే దానికి పేరుగా పెట్టాడు.

సంగీత దర్శకుడిగా తెరమీద ఆయన పేరు తొలిసారి పడిన చిత్రం 1949లో వచ్చిన ‘ది సన్ కమ్స్ అప్’. అందులో ముఖ్య తార ఎవరో తెలుసా? లాసీ... అనగా కుక్క! ఇరవై ఏళ్ళు నిండని కుర్రాడు కుక్క పరుగులకి సంగీతం కూర్చాడు. నవ్వకండి. మనం రీరికార్డింగ్ అంటామే, ఆ విద్య ఆయనకి పట్టుబడింది అలాంటి చిత్రాలతోనే. ఇన్ని సెకన్ల సీనుకి ఇంత సంగీతం, సంభాషణ వచ్చేసరికి వాద్యాలు తగ్గాలి, తలుపు తెరిచేసరికి ఒక మెరుపు మెరవాలి. రాసిన కాగితం మీద తడి ఆరకముందే స్టూడియో ఆర్కెస్ట్రా వాయించి వినిపించేది. ఏ కాలేజీలో దొరుకుతుంది ఆ చదువు?

నాలుగు బొమ్మలు

ఆ చదువు ఫలించింది. ‘జీజీ’ (1958), ‘పోర్గీ అండ్ బెస్’ (1959), ‘ఇర్మా లా డూస్’ (1963), ‘మై ఫెయిర్ లేడీ’ (1964)... ఈ నాలుగు చిత్రాలకీ ప్రెవిన్‌కి ఆస్కార్ వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ‘మై ఫెయిర్ లేడీ’ పాటల బాణీలు ప్రెవిన్‌వి కావు. అవి ఫ్రెడరిక్ లోవ్ నాటకరంగం కోసం కట్టినవి. రంగస్థలం మీద వెలిగిన పాటల్ని వెండితెరకి తగ్గట్టు మలచడం, వాద్యాలు అమర్చడం, ఆర్కెస్ట్రా నడిపించడం... ఇవీ ప్రెవిన్ పనులు. ఆయన ఆస్కార్ అందుకున్నది ఆ పనికే. మరొకరి పాటని పాడు చెయ్యకుండా పెద్దది చెయ్యడం కూడా ఒక విద్యే మరి!

ఆ చిత్రం రికార్డింగు కథ కూడా వినదగ్గదే. నాయిక ఆడ్రీ హెప్‌బర్న్. ఆమె పాటల్లో చాలా భాగం మార్నీ నిక్సన్ అనే నేపథ్యగాయని పాడింది. మనకది మామూలే! మన సుశీలమ్మ, జానకమ్మ ఎంతమంది తారలకి గొంతివ్వలేదు? కానీ హాలీవుడ్‌లో అది పెద్ద రభస అయింది. నాయకుడు రెక్స్ హారిసన్ తీరు మరీ వింత. ముందే రికార్డు చేసిన పాటకి పెదవులు కదపనంటే కదపనన్నాడు. ఆయన టై లోపల చిన్న మైకు దాచి, షూటింగ్ జరుగుతుండగానే పాట రికార్డు చేశారు! ఆయన ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ పరిగెడతాడో... ఆ వెనక ఆర్కెస్ట్రాని అతికించడం ఎంత తలనొప్పో ఊహించుకోండి.

ఇంత చేస్తూనే ఆయన జాజ్ కూడా వాయించేవాడు. డ్రమ్మర్ షెల్లీ మాన్‌తో కలిసి 1956లో ఇదే ‘మై ఫెయిర్ లేడీ’ నాటకం పాటల్ని జాజ్ పద్ధతిలో వాయించి వదిలిన ఎల్.పి. రికార్డు తెగ అమ్ముడుపోయింది. డబ్బు, పేరు, ఆస్కార్లు... ఇంకేం కావాలి?

కావాలి. ఒకటి కావాలి!

సింహాసనం దిగి...

1950ల మొదట్లో అమెరికా సైన్యంలో పనిచేస్తూ శాన్ ఫ్రాన్సిస్కోలో ఉన్నప్పుడు ప్రెవిన్‌కి ఒక గురువు దొరికాడు. పేరు పియెర్ మాంట్యూ. ఆ తరం మహా కండక్టర్లలో ఒకడు. ప్రెవిన్ చెప్పిన ముచ్చట ఇది. ఒక కచేరీ అయ్యాక గురువు అడిగాడట, ‘వాద్యకారులు బాగా వాయిస్తున్నారని అనిపించిందా?’ అని. ‘చాలా బాగా వాయించారు’ అన్నాడు శిష్యుడు. ‘నాకూ అలాగే అనిపించింది. ఇంకోసారి వాళ్ళకి అడ్డం పడకు’ అన్నాడు గురువు!

ఆ గురువు పెట్టిన నిప్పు లోపల రగులుతూనే ఉంది. సినిమాలో సంగీతం ఎప్పుడూ వెనకే ఉండాలి. పాత్రలు మాట్లాడుతుంటే అణగాలి. ఎంత మంచి ముక్క రాసినా ఎడిటర్ కత్తెర పడితే సరి. మొజార్ట్, బ్రామ్స్, రఖ్మానినోవ్... ఆ మహానుభావుల సంగీతం జనం ముందు నిలబెట్టి వినిపించాలంటే స్టూడియోలో కుదరదు. 1960లలో ఆయన ఒక్కొక్క స్టూడియో పనే తగ్గించుకుంటూ, పిలిచిన ఊరికల్లా వెళ్ళి ఆర్కెస్ట్రాలు నడపడం మొదలుపెట్టాడు. హాలీవుడ్‌లో అందరూ సలాం కొట్టే మనిషి ఇక్కడ కొత్త కుర్రాడికింద లెక్క!

1967లో హ్యూస్టన్ సింఫనీ పగ్గాలు చేతికొచ్చాయి. మరుసటి ఏడే, 1968లో, ప్రపంచ ప్రఖ్యాత లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా ఆయన్ని ప్రధాన కండక్టర్‌గా పిలిచింది. అంటే కొండ ఎక్కినట్టే కదా? ఎక్కాడు గానీ వీపుమీద అట్ట అలాగే అంటుకుని ఉంది. ‘హాలీవుడ్ ప్రెవిన్’ అని! కచేరీ బాగుంటే ‘సినిమావాడైనా బాగా చేశాడు’ అనేవాళ్ళు. బాగోకపోతే ‘సినిమావాడు, ఇంకెలా చేస్తాడు!’ అనేవాళ్ళు. రెండువైపులా అదే దెబ్బ.

‘ప్రివ్యూ’ గారు

దానికి ఆయన ఏం చేశాడు? వాదించలేదు. దాక్కోలేదు. ‘నేను ఎప్పుడూ సినిమాలు చెయ్యలేదు’ అన్నట్టు ముఖం గంభీరంగా పెట్టుకోనూ లేదు. సినిమా నేర్పిన విద్యనే బయటికి తీశాడు... జనంతో మాట్లాడటం!

బి.బి.సి. టెలివిజన్లో తన ఆర్కెస్ట్రాతో సంగీత కార్యక్రమం నడిపాడు. కోటు, బిగుసుకుపోయిన ముఖం లేకుండా, మామూలు దుస్తుల్లో కెమెరా వంక తిరిగి, ‘ఈ ముక్కలో సంగతి ఇదండీ’ అని స్నేహితుడిలా చెప్పేవాడు. లండన్ సింఫనీ పుట్టిన తరవాత అరవైయైదేళ్ళ కచేరీలకి వచ్చినవాళ్ళకంటే ఎక్కువమంది ఆ టీవీ కార్యక్రమం ఒక్క వారంలో చూశారని చెప్పుకునేవారు.

1971 క్రిస్మస్ నాడు మరీ విడ్డూరం. మోర్‌కమ్, వైజ్ అని బ్రిటన్లో గొప్ప హాస్యజంట. మన రేలంగి, రమణారెడ్డిగార్లను తలుచుకోండి. వాళ్ళ టీవీ షోలో ప్రెవిన్ తన హోదాతోనే నిలబడి ఆర్కెస్ట్రా నడుపుతాడు. మోర్‌కమ్ పియానో దగ్గర కూచుని గ్రీగ్ రాసిన కన్సర్టోని ఖూనీ చేస్తాడు. పైగా ప్రెవిన్‌ని ‘ప్రివ్యూ’ గారూ అని పిలుస్తాడు! ప్రెవిన్ ఒక్కసారి కూడా నవ్వకుండా, రాయిలా ముఖం పెట్టి, ఆ హాస్యాన్ని ఆకాశానికెత్తాడు. ఆ తరవాత ఏళ్ళ తరబడి లండన్ టాక్సీ డ్రైవర్లు ఆయన్ని ‘ప్రివ్యూ’ గారూ అనే పలకరించేవాళ్ళట. కచేరీ హాలు మెట్లెక్కని జనానికి కూడా ఒక కండక్టర్ పేరు నోటికొచ్చింది. తప్పుగానే రానివ్వండి!

అదే ఏడాది జనవరిలో, లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో, మనవాళ్ళందరూ గర్వించదగ్గ ఘట్టం ఒకటి జరిగింది. పండిట్ రవిశంకర్ సితార్‌కీ, పాశ్చాత్య ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన మొదటి కన్సర్టో లండన్ సింఫనీ కోరికమీద తయారై అక్కడ తొలిసారి వినిపించింది. ఖమాజ్, సింధు భైరవి, అడాణా, మాంజ్ ఖమాజ్... నాలుగు రాగాల్లో నాలుగు భాగాలు. సితార్ మీద రవిశంకర్. ఆర్కెస్ట్రా ముందు ప్రెవిన్. తరవాత అది రికార్డుగా కూడా వచ్చింది. ఒకే ఏడాదిలో అటు రవిశంకర్, ఇటు హాస్యజంట! ఎంతమందికి సాధ్యం?

రఖ్మానినోవ్ సంగతీ చెప్పాలి. ఆయన రెండో సింఫనీని చాలామంది కండక్టర్లు అక్కడక్కడ కోతలు పెట్టి వాయించేవారు. కొందరు విమర్శకులకి ఆయనంటే చిన్నచూపు... ‘సినిమా సంగీతంలా కన్నీళ్ళు కార్పిస్తాడు’ అని. ఆ మాట ఎవరికి బాగా అర్థమవుతుందో వేరే చెప్పాలా? 1973లో ప్రెవిన్ లండన్ సింఫనీతో ఆ సింఫనీని ఒక్క స్వరం కోసెయ్యకుండా పూర్తిగా రికార్డు చేశాడు. ఇప్పటికీ ఆ సింఫనీ రికార్డుల మాట వస్తే ముందు చెప్పుకునేవాటిలో అదొకటి. పదిహేనేళ్ళపాటు ఎడిటర్ కత్తెర కింద పనిచేసిన మనిషి కదా... కోత బాధ ఆయనకి తెలుసు!

ఇంటి సంగతులు

మీరు అడగకపోయినా ఈ మాట చెప్పక తప్పదు. ఆయన పెళ్ళిళ్ళు అయిదు. అయిదూ విడాకులతోనే ముగిశాయి. రెండో భార్య డోరీ పాటల రచయిత్రి. ఆయనతో కలిసి సినిమాలకి పాటలు రాసింది. ‘రోజ్‌మేరీస్ బేబీ’ తార మియా ఫారోతో ప్రెవిన్‌కి ముడిపడటంతో ఆ కాపురం 1970లో విరిగింది. డోరీ మనసు చెదిరి ఆస్పత్రి పాలైంది. కోలుకుని, తన బాధనే పాటలుగా రాసి, తనే పాడి, సొంతంగా పేరు తెచ్చుకుంది. మియాతో కాపురం 1979 దాకా సాగింది. చివరి భార్య ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసురాలు ఆనా సోఫీ ముటర్. 2002లో పెళ్ళి, 2006లో విడాకులు. అయినా ఇద్దరూ కలిసి కచేరీలు చెయ్యడం మానలేదు. వేదికమీద తొంభైమందిని ఒక్క తాళంలో నడిపినవాడికి ఇంట్లో తాళం కుదరలేదు. ఆ లోటుకి మూల్యం చెల్లించింది ఆయనొక్కడే కాదు. డోరీ కథ మరిచిపోయి ఆయన్ని పొగిడితే న్యాయం కాదు.

ఇంతకీ గెలిచిందెవరు?

లండన్ తరవాత పిట్స్‌బర్గ్, లాస్ ఏంజెలిస్ ఫిల్‌హార్మానిక్, రాయల్ ఫిల్‌హార్మానిక్, ఓస్లో... ఎన్నో ఆర్కెస్ట్రాలకి ఆయన సారథ్యం వహించాడు. 1996లో బ్రిటన్ ప్రభుత్వం గౌరవ నైట్‌హుడ్ ఇచ్చింది. మొజార్ట్ కన్సర్టోలు పియానో దగ్గర కూచుని వాయిస్తూనే ఆర్కెస్ట్రాని కూడా నడిపేవాడు. అరవయ్యో పడిలో పడుతూ మళ్ళీ జాజ్ రికార్డులు చేశాడు.

అన్నిటికంటే తమాషా ఏమిటంటే, సినిమా ఆయన్ని వదల్లేదు, ఆయనా సినిమాని వదల్లేదు. 1977లో ‘స్టార్ వార్స్’ సంగీతం వాయించి కుర్రకారుని ఉర్రూతలూపింది ఎవరనుకున్నారు? ఆయన ప్రధాన కండక్టర్‌గా ఉన్న లండన్ సింఫనీయే! ఆ చిత్ర సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ ఆయనకి పాత మిత్రుడు. ఇక ప్రెవిన్ రాసిన రెండు ఆపెరాలు చూడండి. 1998లో ‘ఏ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’, 2009లో ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’. నాటకాలుగా పుట్టినా, రెండూ జనం గుండెల్లో నిలిచింది సినిమాలుగానే.

2019 ఫిబ్రవరి 28న న్యూయార్క్‌లో, 89వ ఏట ఆయన కన్నుమూశాడు. మర్నాటి పత్రికల్లో ఆస్కార్లూ ఉన్నాయి, ఆర్కెస్ట్రాలూ ఉన్నాయి. ‘సినిమావాడు’ అన్న అట్ట చివరిదాకా ఊడలేదన్నమాట. కానీ అప్పటికి అది తిట్టు కాకుండా పోయింది!

ఈ ‘సినిమావాడు’ అన్న చిన్నచూపు మనకి కొత్తా? పాట జనంలోకి వెళ్ళిందంటే చాలు, అది తక్కువరకం అనేవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. మొన్న 2025 మార్చి 8న ‘సాగర సంగమం’ ఇళయరాజాగారి ‘వేలియంట్’ సింఫనీని లండన్లో రాయల్ ఫిల్‌హార్మానిక్ కాన్సర్ట్ ఆర్కెస్ట్రా వాయించింది. అదే కుటుంబంలోని రాయల్ ఫిల్‌హార్మానిక్‌కి 1985 నుంచి కొన్నేళ్ళు ప్రెవినే సారథి. సినిమా నుంచి సింఫనీకి నడిచే దారి నున్నగా ఉండదు. కానీ ముందు నడిచినవాళ్ళ అడుగులు దానిమీద ఉన్నాయి.

ఈసారి ‘మై ఫెయిర్ లేడీ’ చూసినప్పుడు ఆడ్రీ అందం కాసేపు పక్కనబెట్టి, రెక్స్ హారిసన్ మాటకీ పాటకీ మధ్య ఊగుతుంటే వెనక ఆర్కెస్ట్రా ఆయన్ని ఎక్కడా జారనివ్వకుండా ఎలా పట్టుకుందో వినండి. ఆ తరవాత రఖ్మానినోవ్ రెండో సింఫనీ 1973 రికార్డు పెట్టుకోండి, ముఖ్యంగా మూడో భాగం. రెండూ ఒకే చెయ్యి నడిపినవి. ఇందులో ఏది గొప్ప, ఏది తక్కువ అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో మీ చెవులే చెబుతాయి.

వచ్చే వారం మరో స్వరశిల్పి కథతో కలుసుకుందాం. అంతవరకు సెలవు!